ఇంజన్ ఆయిల్‌లో నానో అడిటివ్: 38 వేల కిలోమీటర్ల తర్వాత

నాది పన్నెండేళ్ల పెట్రోలు కారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఓ పదిహేను సెకన్లు టకటకమని చప్పుడు వచ్చేది. ట్యాపెట్లు సర్దించాను, ఆయిల్ గ్రేడు మార్చి చూశాను, తగ్గలేదు. చివరికి ఈ నానో అడిటివ్ కొన్నాను. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే జారుడు పదార్థాన్ని కంటికి కనిపించనంత చిన్న (నానో) రేణువులుగా కలిపిన నూనె, సీసా ఏడు వందల రూపాయలు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒకటి చొప్పున నాలుగు సార్లు పోశాను.

మొదటి వారం ఏ తేడా లేదు. అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక చప్పుడు నాలుగు సెకన్లకు దిగింది. పూర్తిగా పోలేదు, కానీ పక్కింటివాళ్లు కూడా గమనించారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ కిందికి జారిపోతుంది. అది మళ్లీ పైకి చేరేదాకా ఇనుము ఇనుమును రాస్తుంది. ఈ రేణువులు పనికొచ్చేది అక్కడే. రెండు గంధకం పొరల మధ్య ఒక మాలిబ్డినం పొర, అలాంటి రేకులు ఒకదానిపై ఒకటి. రేకుకూ రేకుకూ మధ్య పట్టు చాలా తక్కువ. పేకముక్కల కట్టను అరచేత్తో నెట్టినట్టు జారిపోతాయి. లోహానికి అంటుకుని, రాపిడిని తమమీద వేసుకుంటాయి.

ఇంజన్ వేగం అందుకున్నాక ఆయిల్ పొరే లోహాలను విడదీసి ఉంచుతుంది, అప్పుడు వీటికి పెద్దగా పని ఉండదు. పైగా మంచి ఆయిల్‌లో అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనాలు ముందే ఉంటాయి. అందుకే కాబోలు, సీసా మీద అంత గొప్పగా రాసిన మైలేజీ నాకు కనిపించలేదు. ఒకే బంకులో ట్యాంకు నింపించుకుంటూ పుస్తకంలో లెక్క రాశాను. లీటరుకు ముందు 15.6 కిలోమీటర్లు, తర్వాత 15.8. టైర్లలో గాలి తగ్గితే ఇంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

మూడోసారికని ముందే కొన్న సీసా ఎనిమిది నెలలు అల్మరాలో ఉండిపోయింది. మూత తీసి వంచితే తేట నూనె వచ్చింది. అడుగున వేలెడు మందాన బూడిదరంగు బురద! పది నిమిషాలు ఊపినా, సైకిలు పుల్లతో కెలికినా గడ్డలు విడలేదు. రేణువు ఎంత చిన్నదైతే పక్కదాన్ని అంతగా పట్టుకుంటుంది. వాటిని విడిగా ఉంచే పూత సరిగా లేకపోతే గడ్డకట్టి అడుగుకు దిగుతాయి, ఇక అందులో నానో అన్నది పేరుకే. పెద్ద గడ్డలైతే ఆయిల్ ఫిల్టరులోనే చిక్కుకుంటాయి. కారుకు మరో సీసా కొన్నాను. గోళ్ల సందుల్లోని నలుపు మాత్రం రెండు రోజులు సబ్బుకు లొంగలేదు.

ఏడు వందలు పారబోయడానికి చేతులు రాక, ఆ సీసాలోది కాస్త బైకులో పోశాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఈ మూడేళ్లలో చేయలేదు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు మునిగి ఉండేది ఇంజన్ ఆయిల్‌లోనే, వాటికి కావలసిందే రాపిడి. రెండు వారాలకు, దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతుంటే ఇంజన్ గోల పెడుతోంది, బండి మాత్రం కదలదు. రెండుసార్లు ఆయిల్ మార్పించినా బాగుపడలేదు, ప్లేట్లు కొత్తవి వేయించక తప్పలేదు. బైకు ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణం) ఎంఏ, ఎంఏ2 అని ముద్ర ఉండేది ఈ క్లచ్ కోసమేనని అప్పుడు తెలిసింది.

ఇంకో ఇబ్బంది: పోసిన నిమిషానికే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ నల్లబడుతుంది. రంగు చూసి ఆయిల్ పాతబడిందో లేదో అంచనా వేసే అలవాటున్నవాళ్లు ఇక కిలోమీటర్ల లెక్కనే నమ్ముకోవాలి.

ఈసారి ఆయిల్ మార్చినప్పుడు కావాలనే సీసా పోయలేదు. మూడు వేల కిలోమీటర్లు దాటేసరికి చప్పుడు మళ్లీ ఎనిమిది సెకన్లకు వచ్చింది. ఆ నాలుగు సెకన్ల కోసం ఏడు వందలు పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కొంటే మాత్రం దుకాణంలోనే సీసా తలకిందులు చేసి, అడుగు చూశాకే డబ్బులిస్తాను.