పిల్లల ఆట పరికరాలు కొనేవాళ్లకు హెచ్చరిక: ‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్’ అన్నారని చెక్కు ఇవ్వకండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు అపార్ట్‌మెంట్లకో స్కూళ్లకో ఉయ్యాలలు, జారుడు బండలు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మాది హన్మకొండలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్‌లో నేను ట్రెజరర్‌ని. పోయిన దసరా ముందు ప్లే సెట్ కోసం 1,85,000 రూపాయల చెక్కు మీద సంతకం చేసింది నేనే. సంక్రాంతి సెలవుల్లో దాని మీది నుంచి పడి మోచెయ్యి విరిగింది మా ఆరేళ్ల పాపకే.

పైన ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పక్కనున్న రెయిలింగ్ పట్టుకుంది. రెయిలింగ్ ఒక పక్క ఊడి చేతిలోకి వచ్చింది. నేను కిందే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. పరుగెత్తి వెళ్లేసరికి “అమ్మా, చెయ్యి లేస్తలేదే” అంటోంది. ఏడవడం కూడా లేదు, ముఖం తెల్లగా పాలిపోయింది. మోచెయ్యి పైన ఎముక విరిగిందని ఆ రాత్రే ఆపరేషన్ చేసి రెండు వైర్లు పెట్టారు. నాలుగు వారాలు కట్టు. తర్వాత ఫిజియోథెరపీ. చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేకపోతోంది.

మర్నాడు మా ఆయన వెళ్లి ఆ బోల్టు చూశారు. నట్టు ఊడి కింద పడి ఉంది. దాని కింద వాషర్ లేదు, వదులు కాకుండా వేసే లాక్ నట్టూ లేదు, మామూలు నట్టు బిగించి వెళ్లిపోయారు. ఆ తర్వాత పాప పడిన చోట రబ్బరు టైలు మూల పట్టి లేపారు. కింద సిమెంటు. టైలు మందం పెద్దబాబు స్కేలుతో కొలిస్తే 20 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలి వెడల్పు. ప్లాట్‌ఫామ్ ఎత్తు 180 సెంటీమీటర్లు. కొటేషన్‌లో దాని పేరు ‘సేఫ్టీ ఫ్లోరింగ్’.

కొనేటప్పుడు మేం అడగలేదా అంటే, అడిగాం. “సేఫ్టీ సర్టిఫికెట్ ఉందా?” అంటే బంగారు రంగు అంచుతో ఒక కాగితం చూపించారు. ఐఎస్‌ఓ 9001. కమిటీలో అందరం తృప్తిగా తలూపాం. ఆ కాగితం కంపెనీ తన పని పద్ధతిగా నడుపుకుంటోందని మాత్రమే చెప్తుంది. ఈ జారుడు బండ పిల్లలకు సురక్షితమని అందులో ఎక్కడా ఉండదు. ఆట పరికరాలకు వేరే ప్రమాణాలు ఉన్నాయి. పరికరానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 1176, కింద వేసే నేలకు ఈఎన్ 1177. అమెరికా వాళ్లవి ఏఎస్‌టీఎం ఎఫ్ 1487, ఎఫ్ 1292. సర్టిఫికెట్ మీద వీటిలో ఏదీ లేకపోతే అది మీరు అడిగిన కాగితం కాదు.

నేల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరం రంగులూ ఏనుగు బొమ్మలూ చూస్తాం కానీ కిందికి చూడం. తల ఆకారంలో ఉన్న బరువును టైలు మీద వేర్వేరు ఎత్తుల నుంచి పడేసి దెబ్బ తీవ్రత కొలుస్తారు. తలకు పెద్ద దెబ్బ తగిలే ప్రమాదం అంగీకరించిన హద్దు దాటకుండా ఎంత ఎత్తు వరకు ఆ నేల కాపాడుతుందో ఆ రిపోర్టులో ఉంటుంది. ఆ ఎత్తు మీ ప్లాట్‌ఫామ్ ఎత్తుకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మా టైలు రిపోర్టు చూపించమని అమ్మినవాళ్లను అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు. చుట్టూ కనీసం 1.5 మీటర్లు, ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ ఖాళీ ఉండాలి. మాకు 70 సెంటీమీటర్ల దూరంలోనే మొక్కల సిమెంటు గట్టు. పాప ఆ వైపు పడి ఉంటే అన్న ఆలోచన రాత్రిళ్లు వస్తోంది.

రెయిలింగ్ కడ్డీల మధ్య సందు కూడా కొలవండి. 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చిన్నపిల్లల ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. మాది 150. చున్నీలు, మెడలో ఐడీ కార్డు తాళ్లతో పిల్లల్ని ఎక్కనివ్వకండి.

ఫోన్ చేస్తే అమ్మినాయన “మేడమ్, పిల్లల్ని పెద్దవాళ్లే చూసుకోవాలె గదా” అన్నారు. ఆ మాటకు మొదట నేనే తప్పు చేశానేమో అని కుమిలిపోయాను. తర్వాత తెలిసిన వకీలు గారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెరిచి చూపించారు. 82 నుంచి 87 సెక్షన్ల దాకా వస్తువు వల్ల గాయమైతే ఎవరిది బాధ్యతో ఉంది. డిజైన్‌లో, తయారీలో లోపం ఉన్నా, వాళ్లు రాసిచ్చిన హామీకి వస్తువు సరిపోకపోయినా తయారీదారు బాధ్యుడు. హామీ ఇవ్వడంలో నా నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేడు. బిగించడంలో, తనిఖీలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల దెబ్బ తగిలితే అమ్మినవాళ్లూ బాధ్యులే. మా నట్టు కథ ఇక్కడికి వస్తుంది.

ప్రమాణాల నంబర్లు కాగితం మీద ఉండాలని నేను ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే. వాట్సాప్‌లో పంపిన కేటలాగ్‌లో ఈఎన్ 1176 ప్రకారం తయారైందని ఉంది. బిల్లులో మాత్రం ‘ప్లే సెట్ - 1’ అని తప్ప ఏమీ లేదు. అదృష్టం కొద్దీ ఆ మెసేజ్ నేను డిలీట్ చేయలేదు. మీరు ఆ అదృష్టం మీద ఆధారపడకండి. కొటేషన్‌లోనూ బిల్లులోనూ ప్రమాణం నంబరు, టైలు మందం, ఎంత ఎత్తుకు పరీక్షించారో రాయించుకోండి. తయారీదారు పేరు, నిర్వహణ సూచనల పుస్తకం కూడా అడగండి. రాసివ్వనంటే కొనకండి. ధర 20 వేలు తక్కువైనా వద్దు.

మా అసోసియేషన్ బాధ్యత కూడా దాచను. నెలకోసారి బోల్టులు చూసి రిజిస్టర్‌లో రాసే పని మేం పెట్టుకోలేదు. ‘పిల్లల భద్రతకు తల్లిదండ్రులదే బాధ్యత’ అని బోర్డు పెట్టాం, దానితో మా పని అయిపోయిందనుకున్నాం. నిర్వహణ లోపమని తేలితే ఆ బోర్డు మమ్మల్ని కాపాడదని వకీలు గారు ముఖం మీదే చెప్పారు.

ఇంకో ముఖ్యమైన మాట. పాప పడ్డ మూడో రోజు పై ఫ్లాట్ అంకుల్ మంచి మనసుతోనే వెల్డింగ్ అతన్ని పిలిపించారు. వకీలు గారు ఫోన్‌లో ఆపమన్నారు. దెబ్బ తగిలిన సమయానికి వస్తువును మార్చి ఉంటే అమ్మినవాళ్ల మీద ఈ దావా నిలవదని 87వ సెక్షన్‌లో ఉంది. ఇప్పుడు అతికిస్తే అసలు ఎలా ఊడిందో చూపించే సాక్ష్యం కూడా పోతుంది. కాబట్టి ముందు ఫొటోలు, వీడియో తీయండి, కొలతలు రాసుకోండి, ఊడిన నట్టు కవర్లో వేసి పెట్టండి. ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రేలు అన్నీ దాచండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. మైనరు తరఫున తల్లిదండ్రులు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల గడువు దాటనివ్వకండి.

మేం నోటీసు పంపాం, ఫిర్యాదు రాయిస్తున్నాం. జారుడు బండ చుట్టూ తాడు కట్టి ఉంచాం. మీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే బిగించి ఉంటే ఈ సాయంత్రం పిల్లలు దిగకముందే ఒక స్పానర్, ఒక స్కేలు పట్టుకుని వెళ్లి చూడండి.