సినిమా లైటింగ్ నేర్చుకోడానికి ఏఐ: ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా. సినిమా ఫ్రేమ్ ఒకటి ఏఐకి ఇచ్చి "ఇందులో లైటింగ్ ఎలా చేశారు?" అని అడిగితే వచ్చే జవాబు చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అందులో సగానికి సగం ఊహే. అయినా నేను దీన్ని మానలేదు. అడిగే పద్ధతి మార్చుకుంటే చాలా పనికొస్తుంది. మార్చుకోకపోతే మాత్రం, తెలీని దారిని కూడా ధీమాగా చూపించే బాటసారిని నమ్ముకున్నట్టే.

నేను షార్ట్ ఫిల్ములకి కెమెరా చేస్తుంటా. నా సరంజామా ఒక ఎల్‌ఈడీ లైటు, స్టాండు, రెండు థర్మాకోల్ షీట్లు, ఒక తెల్ల దుప్పటి, ఒక నల్లగుడ్డ, అంతే. నచ్చిన షాట్ కనిపిస్తే ఫ్రేమ్ పట్టుకుని, ఆ లైటింగ్‌ని గదిలో మళ్లీ కట్టి చూడటం అలవాటు. ఆ పనిలో సాయానికే ఫొటోలు చూడగలిగే చాట్‌బాట్లని మార్చి మార్చి వాడుతూ వచ్చా. పేర్లు చెప్పను, ఎందుకంటే కింద రాసే గుణాలూ దోషాలూ కాస్త అటూ ఇటూగా అన్నిట్లోనూ కనిపించాయి.

పేరున్న సినిమా ఫ్రేమ్ ఇచ్చి దీని తెలివిని అంచనా వేయకండి. 'ది గాడ్‌ఫాదర్' (1972)లో ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ పైనుంచి లైటు దించి మార్లన్ బ్రాండో కళ్లని నీడలో ఉంచిన సంగతి మీద ఎంతమంది రాశారో లెక్కే లేదు. ఆ ఫ్రేమ్ ఇస్తే ఏఐ గడగడా చెప్పేస్తుంది. చూసి చెప్పిందా, చదివింది అప్పజెప్పిందా అన్నదే సందేహం. దానికి నేను వాడే చిట్కా ఒకటుంది: ఫ్రేమ్‌ని కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి, కొత్త చాట్‌లో అదే ప్రశ్న మళ్లీ అడుగుతా. జవాబులో లైటు కూడా అటు నుంచి ఇటు మారితే ఫ్రేమ్ చూస్తోందని అర్థం, మారకపోతే ఆ జవాబుని పక్కన పడేయడమే. అన్నట్టు, ఎడమ అంటే కెమెరాకి ఎడమా నటుడికి ఎడమా అన్నది మొదట్లోనే తేల్చి చెప్పాలి, లేకపోతే ఒకే పేరాలో రెండూ కలిపేస్తుంది.

ఒకసారి ఒక క్లోజప్ ఇచ్చి కీ లైట్ (ముఖానికి ప్రధానంగా వెలుగిచ్చే లైటు) సంగతి అడిగా. "కెమెరాకి ఎడమవైపు పెద్ద సాఫ్ట్‌బాక్స్, కళ్లలో చదరంగా మెరుపు కనిపిస్తోంది" అంది (సాఫ్ట్‌బాక్స్ అంటే వెలుగు మెత్తబడేలా లైటుకి తొడిగే గుడ్డ పెట్టె). అదే ఫ్రేమ్‌లోంచి ఒక్క కన్ను కత్తిరించి, పెద్దది చేసి ఇచ్చా. ఈసారి "నిలువుగా పొడవాటి మెరుపు, మధ్యలో అడ్డంగా సన్నటి గీత ఉంది కాబట్టి కిటికీ కావచ్చు, కింది భాగంలో ఇంకో మసక మెరుపు ఉంది, అది కింద నుంచి వచ్చే బౌన్స్ (దేనికో తగిలి తిరిగొచ్చే వెలుగు)" అంది. జూమ్ చేసి చూస్తే నాకూ అదే కనిపించింది. ఇందులో మాయేం లేదు. చాలా టూల్స్ మనమిచ్చిన ఫొటోని లోపల చిన్నది చేసుకుని చూస్తాయి, ఆ సైజులో కంట్లో మెరుపు కొద్ది పిక్సెళ్లకి మించి మిగలదు. కనిపించనప్పుడు "కనిపించట్లేదు" అనొచ్చుగా, అనదు, అలవాటైన మాటతో ఖాళీ పూరించేస్తుంది. అందుకే ఇప్పుడు కన్ను, ముక్కు నీడ, గడ్డం కింద నీడ అంచు, వెనక గోడ, ఇలా దేనికది కత్తిరించి ఇస్తున్నా. ఇలా ఇచ్చాక జవాబుల్లో తేడా మామూలుగా లేదు.

ముక్కు నీడ విషయంలో దీని చూపు బాగానే ఉంది. ఆ నీడ చెంప నీడతో కలిసి కంటి కింద త్రికోణంగా వెలుగు మిగిలితే దాన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు, కలవకుండా కొక్కెంలా ఆగిపోతే లూప్, ముక్కుకి సరిగ్గా కిందే పడితే బటర్‌ఫ్లై. ఈ మూడింటినీ దాదాపు తప్పు లేకుండా పట్టుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదొక్కటే చాలా సాయం.

సమస్యంతా "ఏ లైటు వాడారు" అన్న దగ్గర మొదలవుతుంది. నీడ అంచు మెత్తగా ఉందంటే, ముఖం వైపు నుంచి చూస్తే వెలుగు మూలం పెద్దగా ఉందని మాత్రమే అర్థం. అది సాఫ్ట్‌బాక్స్ కావచ్చు, కిటికీకి కట్టిన పల్చటి తెర కావచ్చు, గోడకి కొట్టి బౌన్స్ చేసిన చిన్న లైటు కావచ్చు. ఫ్రేమ్‌లో కనిపించేది ఫలితం, పరికరం కాదు. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేయించి, పైన తెల్లగుడ్డ కట్టి, కింద నుంచి దానిమీదికి లైట్లు కొట్టి ఆకాశపు వెలుగులా కిందికి దింపాడు. ఈ కథ తెలీని మనిషైనా, మెషీనైనా ఆ ఫ్రేమ్ చూసి "సహజమైన పగటి వెలుగు" అనే అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. అందుకని నేనిప్పుడు "ఎలా చేశారు" అని అడగను. "ఇదే ఫలితం రావడానికి మూడు దారులు చెప్పు, ఒక్కో దారిని కొట్టిపారేయాలంటే ఫ్రేమ్‌లో ఏం వెతకాలో చెప్పు" అని అడుగుతా. దాంతోపాటు నా దగ్గరున్న సామాను కూడా రాస్తా, లేదంటే పెద్ద సినిమా యూనిట్‌కి సరిపడా లిస్టు చేతిలో పెడుతుంది. అప్పుడొచ్చే జవాబుతో నేరుగా లైటు పెట్టి పరీక్షించొచ్చు.

నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం విశ్లేషణ కాదు, లెక్కలు. లైటు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది) పడిపోతుందని పుస్తకంలో చదివినా చేతికి ఎక్కలేదు. వెనక గోడ ఎందుకు చీకటి కావట్లేదని అడిగితే నా గది కొలతలతోనే చెప్పింది: లైటు ముఖానికి 1 మీటరు, గోడకి 3 మీటర్లు దూరంలో ఉంటే గోడకి తొమ్మిదో వంతు వెలుగే చేరుతుంది, అంటే ముఖం కంటే గోడ మూడు స్టాపులకి కాస్త పైగానే చీకటిగా ఉంటుంది. అదే లైటుని వెనక్కి జరిపి ముఖానికి 3, గోడకి 5 మీటర్ల దూరంలో పెడితే తేడా ఒకటిన్నర స్టాపే. గోడ నల్లబడాలంటే లైటుని ముఖానికి దగ్గరగా జరిపి పవర్ తగ్గించాలన్నమాట. లైట్ మీటర్ పెట్టి చూశా, దాదాపు అంతే వచ్చింది. దాదాపు అని ఎందుకంటున్నానంటే, చిన్న గదిలో గోడల నుంచి తిరిగొచ్చే వెలుగు లెక్కలో లేదు, పెద్ద సాఫ్ట్ లైటుని బాగా దగ్గర పెట్టినప్పుడు ఈ సూత్రం అంత కచ్చితంగా పనిచేయదు కూడా.

రేషియో (ముఖంలో వెలుగు వైపుకీ నీడ వైపుకీ ఉన్న నిష్పత్తి) మాత్రం దీన్ని అడక్కండి. ఫొటో చూసి "4:1" అని ఠక్కున చెప్పేస్తుంది. 4:1 అంటే రెండు స్టాపుల తేడా, నిజమే, కానీ ఆ ఫ్రేమ్ కలర్ గ్రేడింగ్‌లో (షూటింగ్ అయ్యాక రంగులూ వెలుగూ సర్దడంలో) నలిగి వచ్చింది కదా, నీడల్ని గ్రేడింగ్‌లో ఎంత నొక్కారో దానికెలా తెలుస్తుంది? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌ఫామ్ (ఫ్రేమ్‌లో వెలుగు స్థాయిల్ని చూపించే గ్రాఫ్) తెరిచి, నేను తీసిన షాట్‌నీ ఆ ఫ్రేమ్‌నీ పక్కపక్కన పెట్టి చూసుకోడమే మేలు. రంగుల విషయమూ ఇంతే. నీడలు నీలంగా కనిపిస్తే చాలు నీలం జెల్ (లైటు ముందు పెట్టే రంగు షీటు) అంటుంది. గదిలో వెలిగే 3200 కెల్విన్ (వెలుగు రంగు కొలత, తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం) బల్బుల్నీ కిటికీలోంచి వచ్చే 5600 కెల్విన్ పగటి వెలుగునీ కలిపి, కెమెరా వైట్ బ్యాలెన్స్‌ని ఆ రెంటికీ మధ్య సెట్ చేసినా అదే నీలం వస్తుంది, గ్రేడింగ్‌లో కలిపినా వస్తుంది.

దీనికి అస్సలు కనిపించనిది నెగటివ్ ఫిల్. ఒక బుగ్గ పక్కన నల్లగుడ్డ పెట్టి అటు వెలుగు చేరకుండా చేస్తే ముఖానికి వచ్చే ఆకారం చూసి, "ఎదురువైపు కీ లైట్ బలంగా ఉంది" అంటుంది. అవుట్‌డోర్ ఫ్రేముల్లో అయితే మరీ దారుణం, అన్నీ సహజ వెలుగులే. పెట్టిన లైటుని వెతుకుతుంది తప్ప ఆపిన వెలుగుని వెతకదు. "ఈ ఫ్రేమ్‌లో ఎక్కడ వెలుగుని అడ్డుకుని ఉండొచ్చు?" అని విడిగా అడిగితే కొంత కదలిక వస్తుంది.

ఒకే సీన్‌లోంచి వైడ్, క్లోజప్ రెండూ ఇస్తే రెంటికీ కలిపి ఒకే ప్లాన్ గీసేస్తుంది. సెట్‌లో పనిచేసినవాళ్లకి తెలిసిందే, క్లోజప్‌కి వచ్చేసరికి లైటు దగ్గరికి జరుపుతారు, డిఫ్యూజన్ (వెలుగుని మెత్తబరిచే తెర) వేస్తారు, ఒక్కోసారి దిశ కూడా కాస్త మారుస్తారు, ప్రేక్షకుడికి తేడా తెలియదు. కాబట్టి షాట్‌కో చాట్. గీయడం అన్నానుగా, బొమ్మగా ప్లాన్ వేయమంటే మూడు లైట్లకి నాలుగు బాణాలు వేస్తుంది. నటుడు మధ్యలో, కెమెరా ఆరు గంటల దగ్గర అనుకుని, మిగతావన్నీ గడియారం అంకెలతో మాటల్లో చెప్పమనండి, హాయిగా ఉంటుంది.

చికాకు పెట్టే గుణం ఇంకోటి, ఎదురు చెప్తే చాలు "మీరన్నది నిజమే" అంటుంది. సరిగ్గా చెప్పిన జవాబు మీదే "కుడివైపు నుంచి కదా?" అని కావాలని అడిగి చూశా, వెంటనే కుడివైపుకి మారిపోయి దానికి కొత్త కారణాలు కూడా అల్లింది. మీ అనుమానం ముందే బయటపెట్టకుండా, ప్రతి మాటకీ ఫ్రేమ్‌లో ఆధారం ఎక్కడుందో చూపించమనండి.

డబ్బు కట్టి తీసుకోవాలా అంటే, రోజూ బోలెడు ఫ్రేములు ఇచ్చేవాళ్లకే అవసరం, అప్పుడప్పుడూ ఒకటి రెండు చూపించుకునేవాళ్లకి ఉచితంగా వచ్చేది చాలు. చేతిలో ఒక్క లైటు కూడా లేకుండా, కేవలం చదివి నేర్చుకుందామనుకుంటే మాత్రం ఇది వద్దు, ఎందుకంటే దాని ఊహ ఏదో నిజం ఏదో విడదీసేది ఆ లైటే.