రిసీవర్ గ్లవుజులు: ఓ తాపీ మేస్త్రి వాడి చూసి చెప్పేది

ముందే చెప్పేస్తానండి, ఇటిక పనికి కొనుక్కుందామనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. మా సైటు మీద కుర్రోళ్ళు అడిగారు, "మేస్త్రీ, అమెరికావోళ్ళ గ్లవుజులంట, పరంజా మీద వేసుకుంటే ఇటిక జారదంట" అని. జారదు, నిజమే. పొద్దున్న టీల టైము దాకా జారదు. తర్వాత ఎర్రదుమ్ము పట్టేసి ఉత్త చేతికంటే ఎక్కువ జారుతుంది. సిమెంటు పాలు తగిలిందా, ఇక ఆ జత మర్చిపోవడమే. హార్డ్‌వేర్ షాపులో దొరికే రబ్బరు పూత గ్లవుజులే మన పనికి మేలు, ధరా తక్కువే.

ఇక ఇవి ఏ పనికి పుట్టాయో ఆ పని సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడు బంతి విసురుతాడు. వైడ్ రిసీవర్ అనేవాడు మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే పరిగెత్తి, ప్రత్యర్థి మీద పడుతుండగా ఆ బంతి పట్టాలి. వికెట్‌కీపర్ గ్లవుజుల్లా దళసరిగా ఉంటే వేళ్ళు వంగవు కాబట్టి వీటిని బాగా పలచగా చేస్తారు. చేతి వెనక సాగే గుడ్డ, మణికట్టు దగ్గర వెల్‌క్రో పట్టీ, అరచేతి వైపు మాత్రం సిలికాన్ పూత. అసలు సరుకంతా ఆ పూతలోనే ఉంది. కొత్తలో న్యూస్‌పేపరు మీద చెయ్యి ఆనించి ఎత్తితే పేపరు లేచొస్తుంది. మా ఇంట్లోవాళ్ళు దాన్నే ఓ వింతగా చూశారు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నది తాపీ పనే, నాదీ అదే. మా అక్క కొడుకు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీము స్టేడియం ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంది. వాడు సంక్రాంతికి వస్తూ ఓ తోలు బంతి, ఓ జత గ్లవుజులు పట్టుకొచ్చాడు. నాకు ఆటంటే క్రికెట్టు, లేదంటే ఊళ్ళో కబడ్డీ. ఈ కోలబంతి మనకెందుకురా అన్నాను. "మావయ్యా, ఈ ఆటలో అందరికంటే ఎక్కువ బంతులు పట్టినోడు తాపీ మేస్త్రి కొడుకు. చిన్నప్పుడు ఇటికలు పట్టి నేర్చుకున్నాడు" అన్నాడు. అదండీ నన్ను పట్టేసింది.

ఆయన పేరు జెర్రీ రైస్. మిసిసిపీ రాష్ట్రంలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు. వాళ్ళ నాన్న ఇళ్ళు కట్టేవాడు, కొడుకులు కూడా పనికి వెళ్ళేవారు. కింద నుంచి అన్నదమ్ములు ఇటికలు విసిరితే ఈయన పైన నిలబడి పట్టేవాడట. చదివింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీలో. అక్కడి క్వార్టర్‌బ్యాక్ విల్లీ టాటెన్‌తో కలిసి ఎలా ఆడాడంటే, ఇప్పుడు ఆ కాలేజీ స్టేడియానికి వీళ్ళిద్దరి పేర్లే పెట్టారు. అయినా 1985 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, అంత వేగం లేదన్న మాట ఉండేది. ఆల్ టూన్, ఎడ్డీ బ్రౌన్ అనే ఇద్దరు రిసీవర్లను వేరే టీములు ముందే తీసుకున్నాయి. ఈయన 16వ వాడిగా ఫార్టీనైనర్స్‌కి దక్కాడు.

ఇప్పుడు ఇటిక గురించి చెబితేగానీ గ్లవుజు గురించి చెప్పలేను. కింద నుంచి విసిరిన ఇటిక పైకొచ్చి, ఊపు చచ్చి, ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. పట్టాల్సింది అక్కడే. తొందరపడి ముందే అందుకోబోతే వేలు నలుగుతుంది, ఆలస్యమైతే కింద ఉన్నోడి నెత్తిన పడుతుంది. పట్టేటప్పుడు కూడా చెయ్యి బిగించకూడదు, ఇటిక ఎటు పోతుంటే చెయ్యి అటే కొంచెం పోవాలి. రెండున్నర, మూడు కేజీల ఇటికకి చెయ్యి ఎదురు పెడితే సాయంత్రానికి అన్నం ముద్ద కలపలేం. ఈ బంతి బరువు 400 గ్రాముల చిల్లర. కాకపోతే ఇది ఎక్కడా ఆగదు, తిరుగుతూ వచ్చేస్తుంది. చెయ్యి మెత్తగా పెట్టి వెనక్కి తీసుకుంటేనే నిలుస్తుంది.

ఈ గ్లవుజులు వేసుకుంటే ఆ మెత్తదనం అక్కర్లేకుండానే బంతి నిలిచిపోతోంది. నా మొదటి ఫిర్యాదు అదే. కోత అయిపోయిన చేలో మా కుర్రోళ్ళు ఓ పక్క గ్లవుజులతో, ఓ పక్క ఉత్త చేతులతో ఆడారు. గ్లవుజులు వేసుకున్నోళ్ళు మొదటి రోజు నుంచే బాగా పట్టారు. వాళ్ళ చేతులు చూస్తే మాత్రం కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. గ్లవుజులు తీయించి విసిరితే బంతి గుండెలకి తగిలి పడిపోయింది. ఉత్త చేతుల బ్యాచ్ మొదట్లో వెనకబడ్డా, తర్వాత వాళ్ళకి గ్లవుజులు ఇస్తే ఒంటిచేత్తో కూడా పట్టేశారు.

రైస్ కూడా మొదటేడు బంతులు బాగానే వదిలేశాడట, ప్రేక్షకులు గోల చేశారట. బంతి పట్టి టీముని ఎంత ముందుకు జరిపాడన్నది ఈ ఆటలో గజాల్లో లెక్కేస్తారు. ఆ డిసెంబరులో రామ్స్ అనే టీము మీద ఒక్క మ్యాచిలో 241 గజాలు సంపాదించాక గోల తగ్గింది. తర్వాత సీజను ప్లేఆఫ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట. బంతి పట్టేశాడు, ముందు ఎవడూ లేడు, టచ్‌డౌన్, అంటే బంతితో అవతలి గీత దాటి పాయింట్లు కొట్టడం, ఖాయం. ఎవరూ ముట్టుకోకుండానే బంతి చేతిలోంచి జారిపోయింది. ఆ మ్యాచి 49-3తో ఓడిపోయారు. ఆ ముక్క వీడియోలో చూసినప్పుడల్లా నాకు కడుపులో అదోలా ఉంటుంది. ఆ మరుసటి సీజను, 1987లో, ఆడిన 12 మ్యాచుల్లో 22 టచ్‌డౌన్లు పట్టాడు. 1989 జనవరి సూపర్ బౌల్‌లో, అంటే ఈ టీములన్నీ ఆడే లీగు ఫైనల్లో, సిన్సినాటి బెంగాల్స్ మీద 11 బంతులు, 215 గజాలు. ఆ రోజు గెలిపించిన ఆఖరి టచ్‌డౌన్ పట్టింది జాన్ టేలర్, బెస్ట్ ప్లేయర్ బహుమతి మాత్రం రైస్‌దే. న్యాయమే అనిపించింది నాకు.

మొత్తం 20 సీజన్లు, 303 మ్యాచులు, 1,549 క్యాచులు, 22,895 గజాలు. మన లెక్కలో దాదాపు 21 కిలోమీటర్లు, ఇంచుమించు పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళి తిరిగొచ్చినంత. 1997లో మోకాలి లిగమెంట్లు తెగ్గొట్టుకుని, అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ దిగి, ఆ రోజే టచ్‌డౌన్ కొట్టి, మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఫార్టీనైనర్స్ వదులుకున్నాక రైడర్స్ అనే టీముకి వెళ్ళి, 40 ఏళ్ళ వయసులో 92 క్యాచులు పట్టాడు. మా పనిలో ఆ వయసొస్తే పరంజా దిగి లెక్కలు రాసుకుంటాం.

అసలు గొడవ ఇక్కడుందండి. 2015లో టీవీ మీద ఆయనే చెప్పేశాడు, గ్లవుజుల మీద స్టికమ్ అనే జిగురు కొంచెం స్ప్రే కొట్టేవాణ్ణని. ఆ జిగురుని లీగు 1981లోనే నిషేధించింది. అంతకుముందు రైడర్స్‌లో ఫ్రెడ్ బిలెట్నికాఫ్ అనే రిసీవరు బాహాటంగానే ఒంటికి పూసుకుని ఆడేవాడు. అదే టీములో లెస్టర్ హేస్ మరీ ఎక్కువ పూసుకోబట్టి ఆ రూలుకి ఆయన పేరే పడింది. రైస్ లీగులోకి వచ్చింది నిషేధం తర్వాత. విషయం గొడవయ్యాక క్షమించమంటూనే, ఆటగాళ్ళంతా వాడేవారని అన్నాడు. అందరూ వాడారన్నది సమాధానం కాదు. మా దగ్గరా కొంతమంది ఇసక ఎక్కువ కలిపి అదే మాట చెబుతారు. అలాగని ఆ 1,549 జిగురు పట్టిందంటే కూడా నేను ఒప్పుకోను. పక్కనుంచి ఒకడు గుద్దుతుంటే, అడుగు తడబడకుండా, పరిగెత్తే జోరు తగ్గకుండా చెయ్యి సరైన చోటికి వెళ్ళాలి. అది ఏ డబ్బాలోనూ రాదు.

ఇంకో మాట. ఈ సిలికాన్ పూత చూస్తుంటే, జిగురు వద్దన్నారని దాన్నే గ్లవుజులో కలిపి కుట్టేశారేమో అనిపిస్తుంది నాకు. రూలు ప్రకారం చేతికి అంటుకునే పదార్థం ఉండకూడదు, పూత ఉండొచ్చు. ఆ తేడా మావాడు నాకు చాలాసేపు చెప్పాడు. తలూపాను.

వాడకం సంగతికొస్తే, మన వాతావరణం వీటికి కొంత కలిసొస్తుంది, కొంత చెడగొడుతుంది. గాలిలో ఉన్న చెమ్మకి పట్టు బాగా వస్తుంది. చిన్న తుంపరలో ఆడినప్పుడు పొడి ఎండలో కంటే మెరుగు. జోరు వాన పడితే మాత్రం ఏమీ లేదు. పేరుపాలెం బీచికి తీసుకెళ్ళాం, ఇసక అంటిందంటే రెండో క్యాచికే జారడం మొదలు. కొబ్బరినూనె చేతులతో తొడుక్కుంటే లోపల చెమటా నూనే కలిసి కంపు, ఆ వాసన ఓ పట్టాన పోదు. పట్టు తగ్గితే తడిగుడ్డతో అరచేతి వైపు తుడిస్తే చాలు, మళ్ళీ బతుకుతుంది. సబ్బు పెట్టి బండకేసి రుద్దారా, పూత ఊడొస్తుంది. మా ఆవిడ వాషింగ్ మెషిన్‌లో వేసేసింది, ఆ జత ఇప్పుడు బండి నడపడానికి పనికొస్తోంది. దండెం మీద నీడలోనే ఆరేయాలి.

మావాడు తెచ్చిన జతకి కుట్లు గట్టివి. ఇక్కడ ఆన్‌లైన్‌లో రెండు వేలు దాటి పెట్టి తెప్పించిన జతకి బొటనవేలి సందులో కుట్టు తొందరగానే విడిపోయింది. మన టైలరు దారంతో మళ్ళీ కుట్టిచ్చాడు, ఇప్పుడు కంపెనీ కుట్టుకంటే గట్టిగా ఉంది.

సైజు దగ్గర జాగ్రత్త. వేలి చివర ఖాళీ మిగలకూడదు, మిగిలిందంటే బంతి తగలగానే గుడ్డ మెలిపడుతుంది. కాయకష్టం చేసే చేతులు వెడల్పుగా ఉంటాయి కాబట్టి వాళ్ళ పట్టికలో ఒక సైజు పైది నాకు సరిపోయింది, వేళ్ళు మాత్రం కొంచెం పొడవయ్యాయి. ఫోను తెర మీద ఈ వేళ్ళు పనిచేయలేదు, ఫోనొస్తే పళ్ళతో పట్టీ లాగాల్సిందే.

కొనొచ్చా అంటే, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెడుతున్నారు కదండీ, ఒకరినొకరు గుద్దుకోకుండా నడుముకున్న జెండా లాగే ఆట అది. స్కూళ్ళలో పిల్లలకి నేర్పుదామనుకునే పీఈటీ మాస్టార్లు ముందు మంచి బంతి ఒకటి కొనండి. గ్లవుజులు పెద్ద పిల్లలకి, అదీ ఉత్త చేతులతో పట్టడం వచ్చాక. అయిదుకి మూడున్నర నక్షత్రాలు ఇస్తాను. ఆ అర నక్షత్రం మా టైలరుది.