మొదటి గేమ్ జామ్‌కు గోడాట్ మేలా, యూనిటీ మేలా?

గోడాట్, యూనిటీ రెండూ వీడియో గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, అంటే గేమ్ ఇంజిన్లు. తక్కువ వ్యవధిలో ఆటను తయారుచేసే కార్యక్రమమే గేమ్ జామ్. లూడమ్ డేర్ వంటి జామ్‌లో ఆటను 48 లేదా 72 గంటల్లో తయారుచేయాలి కనుక, కొత్తవారు ఇంజిన్‌కు ఎన్ని సామర్థ్యాలున్నాయన్న దానికంటే అది ఎంత త్వరగా చేతికి అలవాటవుతుందన్నదే ముందు చూడాలి.

ఆ లెక్కన గోడాట్‌దే పైచేయి అని నా అభిప్రాయం. దానిని దించుకున్నాక ఇన్‌స్టాల్ చేయకుండా, ఖాతా తెరవకుండా నేరుగా నడపవచ్చు. దానిలో కోడ్ రాసే జీడీస్క్రిప్ట్ భాష, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పోలి ఉంటుంది. 2డీ ఆటల కోసం పిక్సెల్ కొలతలతోనే పనిచేసే ప్రత్యేక వ్యవస్థ ఉంది. 2014 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద లభిస్తున్నందున, ఆటను తర్వాత అమ్ముకున్నా రాయల్టీ కట్టనక్కరలేదు. అయితే 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో కోడ్‌లో వాడే చాలా పేర్లు మారినందువల్ల, మూడో వెర్షన్ పాఠాలను అనుసరించేవారికి అడుగడుగునా లోపాలు ఎదురవుతాయి. పాఠం ఏ వెర్షన్‌దో ముందే చూసుకోవడం తప్పనిసరి.

యూనిటీ బరువైనది: ఖాతా కావాలి, డిస్కులో గిగాబైట్ల చోటు కావాలి, దానిలో వాడే సీ షార్ప్ భాష కోడ్‌ను మార్చినప్పుడల్లా అది కంపైలయ్యే (నడిపే రూపంలోకి మారే) వరకు ఆగాలి. అయినా 3డీ ఆట తలపెట్టినవారికి, సీ షార్ప్ ఇప్పటికే తెలిసినవారికి, యూనిటీ అసెట్ స్టోర్‌లో దొరికే బొమ్మలు, ధ్వనులు వంటి సిద్ధ వనరులపై ఆధారపడదలచినవారికి అదే తగినది.

ఏది ఎంచుకున్నా, చాలామంది జామ్ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడతారు కాబట్టి, ఒక ఖాళీ ప్రాజెక్టును వెబ్‌కు ఎగుమతి చేసే (బ్రౌజర్‌లో నడిచే రూపంలోకి మార్చే) ప్రయత్నం జామ్ మొదలయ్యే ముందే జరగాలి.