జకార్తా సెనయాన్: రెండు ఆసియా క్రీడలు చూసిన పార్కులో మేము

మనవాళ్లకు జకార్తా అంటే బాలీకి పోతూ విమానం మారే ఊరు. బ్యాడ్మింటన్ పిచ్చి ఉన్న ఇంట్లో మాత్రం లెక్క వేరు. మా అమ్మాయి ఇండోనేషియా ఓపెన్ చూడాలని పట్టుబట్టడంతో జూన్‌లో వెళ్లాం. మ్యాచ్‌లు జరిగే ఇస్తోరా హాలు, దాని చుట్టూ సెనయాన్ ప్రాంతంలో ఉన్న గెలోరా బుంగ్ కర్ణో పార్కు, ఈ రెండింటికే మా రోజులు సరిపోయాయి. క్యాబ్ డ్రైవర్‌కి ఇంత పేరు చెప్పక్కర్లేదు, ‘గేబేకా’ అంటే చాలు.

ఇండోనేషియా తొలి అధ్యక్షుడు సుకర్ణో కాలంలో, 1962 ఆసియా క్రీడల కోసం సోవియట్ యూనియన్ అప్పుతో ఇక్కడి పెద్ద స్టేడియం కట్టారు. అప్పట్లో లక్ష మందికి పైగా పట్టేది. 2018లో మళ్లీ ఆసియా క్రీడలు వచ్చినప్పుడు బాగుచేసి విడి కుర్చీలు వేస్తే దాదాపు 77 వేలకు దిగింది. మేం వెళ్లినప్పుడు గేట్లు మూసి ఉన్నాయి. గుండ్రటి కప్పును బయటినుంచి చూడటమే అయింది. నీరజ్ చోప్రా 88.06 మీటర్లు విసిరిందీ, ద్యుతీచంద్ రెండు రజతాలు గెలిచిందీ ఆ లోపలే.

లోపలికి పోలేకపోయామన్న బాధ సాయంత్రానికే తీరింది. అసలు సంత అంతా స్టేడియం చుట్టూ ఉన్న రింగురోడ్డు మీదే. ఆఫీసు అయ్యాక జనం మెట్రో దిగి, బట్టలు మార్చుకుని పరుగు మొదలెడతారు. పెద్ద లెన్సుల కెమెరాలతో కుర్రాళ్లు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ ఫొటోలు తీస్తుంటారు. ఎవర్నీ ఆపరు, ఏమీ అడగరు. తర్వాత యాప్‌లో మన మొహం చూపిస్తే మన ఫొటోలు బయటికొస్తాయి, నచ్చితే డబ్బు కట్టి తీసుకోవచ్చు. మా అమ్మాయి రెండు కొనుక్కుంది. అడగకుండా ఫొటో తీయడం నాకైతే నచ్చలేదు, అక్కడివాళ్లకు అదేం పట్టింపు ఉన్నట్టు లేదు. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన మన గచ్చిబౌలిలోనూ పొద్దున్నే నడిచేవాళ్లు ఉంటారు గానీ, పని దినాన రాత్రిపూట ఇంత జాతర నేను అక్కడ చూడలేదు.

ఇస్తోరా 1961లో పురుషుల జట్ల బ్యాడ్మింటన్ టోర్నీ థామస్ కప్ కోసం కట్టిన హాలు. ఏడు వేల మందే పడతారు గానీ మోత చెవులు చిల్లులు పడేంత. వాళ్ల ఆటగాడు కొట్టే ప్రతి షాట్‌కీ హాలంతా ఒక్క గొంతుతో అరుస్తుంది, చేతుల్లో గాలి నింపిన ప్లాస్టిక్ గొట్టాలు టపటపలాడతాయి. 2018లో మన సింధు ఇక్కడే ఫైనల్‌కి వచ్చింది. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో ఫైనల్ దాకా వెళ్లిన తొలి భారతీయురాలు ఆమే. తైవాన్ అమ్మాయి తై జు యింగ్ చేతిలో ఓడి రజతం తెచ్చింది, సైనాకి కాంస్యం. అదే పార్కులోని విలువిద్య మైదానంలో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లు విభాగంలో జట్టుతో కలిసి రజతం గెలిచింది.

నేను వెతికింది మాత్రం 1962 సెప్టెంబరు 4 ఆనవాళ్ల కోసం. ఆ రోజు ఫుట్‌బాల్ ఫైనల్లో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. ఆడినవాళ్లలో సికింద్రాబాద్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదని మన క్రీడాధికారి సోంధి తప్పుపట్టడంతో ఊరంతా మనమీద మండిపడుతున్న సమయం అది. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. అంత పెద్ద స్టేడియం నిండా జనం గేలి చేస్తుంటే మనవాళ్లు గెలిచారు. తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ మరుసటి ఏడాదే పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఆ మ్యాచ్ గురించి చిన్న బోర్డయినా మాకెక్కడా కనబడలేదు. వాళ్లెందుకు పెడతారు లెండి, పెట్టుకోవాల్సింది మనం.

ఇక బస. టోర్నీ రోజుల్లో పార్కును ఆనుకుని ఉన్న హోటళ్ల ధరలు మండిపోతాయి. మొదట అలాంటి ఒకదాంట్లోనే దిగాం. గది బాగుంది, కిటికీలోంచి చెట్లు కనబడతాయి. కానీ శాకాహారం అని ముందే రాసినా పొద్దున టిఫిన్‌లో బ్రెడ్డు, పండ్లు తప్ప ఏమీ దొరకలేదు, చెక్-ఇన్‌కి గంటన్నర నిలబెట్టారు. తర్వాత బెండుంగాన్ హిలిర్ అనే పేటకు మారాం. చిన్న గది, సగం కంటే తక్కువ ధర, కింద వీధి నిండా తిండి బండ్లు, మెట్రోలో ఇస్తోరా పక్క స్టేషనే. మెట్రోలో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లినా 14 వేల రుపయాలే. లక్ష రుపయాలంటే మన ఐదు వందల పైచిలుకు, సున్నాలు చూసి టెన్షన్ పడొద్దు. ట్రాన్స్‌జకార్తా బస్సు ఎక్కేచోట నగదు తీసుకోరు, కార్డు ముందే కొనుక్కోవాలి.

శాకాహారులు ఒకటి గమనించాలి: కూరగాయలే కనబడుతున్నా సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద కలిసి ఉండొచ్చు, దాన్నే ‘తెరాసి’ అంటారు, ఉందా అని అడిగి తినండి. వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు మమ్మల్ని ఆదుకున్నాయి.

ఆదివారం కుదిరితే హోటల్ ఇండోనేషియా కూడలికి వెళ్లండి. పొద్దున పది దాకా ఆ రోడ్డు మీద కార్లు రానివ్వరు. 1962లో క్రీడాకారులకు స్వాగతం చెప్పడానికి పెట్టిన జంట విగ్రహం అక్కడే ఉంది. ఆ హోటల్ తెరిచిందీ ఆ ఏడాదే. అక్కడి నుంచి గేబేకా దాకా నడవచ్చు గానీ, మాలాగా తొమ్మిది దాటాక బయల్దేరితే ఎండ దంచుతుంది, మెట్రో ఎక్కేయండి.