రాయనిది అక్కడ ఉండదు: ఎస్‌బిల్డ్‌తో మూడేళ్లు

మా ఊరి గ్రంథాలయం కోసం పుస్తకాల మీద అంటించే తెలుగు చీటీలను పీడీఎఫ్‌గా తయారుచేసే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. మూడేళ్లుగా దాన్ని డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీగా కట్టి ఇస్తున్నాను. ప్యాకేజీకి రెండు జాబితాలు రాయాలి. కట్టేటప్పుడు కావలసినవి ‘బిల్డ్-డిపెండ్స్’లో, నడిచేటప్పుడు కావలసినవి ‘డిపెండ్స్’లో. ఇల్లు కట్టడానికి పరంజా కావాలి, కాపురానికి అక్కర్లేదు కదా.

మొదటి జాబితా సరిచూడటంలో ఎస్‌బిల్డ్ నికార్సైన పనిముట్టు. ప్రతిసారీ ఖాళీ డెబియన్ ఒకటి పరిచి, జీసీసీ కంపైలరు, మేక్ వంటి కనీస సరంజామాకు తోడు నేను రాసినవి మాత్రమే తెచ్చుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా తయారైన ప్యాకేజీ అక్కడ మొదటి రోజే అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీ దొరకక ఆగిపోయింది. దాని ప్యాకేజీ లిబ్‌పాంగో1.0-డెవ్‌ను ఎప్పుడో వేరే పనికి ఎక్కించుకున్నాను కాబట్టి, జాబితాలో లేదన్న సంగతే నాకు తెలియలేదు. ఎస్‌బిల్డ్‌ను అన్‌షేర్ పద్ధతిలో నడిపితే రూట్ (నిర్వాహకుడి) అధికారం కూడా అడగదు. అయితే డేటా బాగా తింటుంది. ఒకసారి దింపిన ప్యాకేజీలను దాచి మళ్లీ ఇచ్చే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టుకున్నాకే నాకు ఊపిరి ఆడింది.

రెండో జాబితా దగ్గర మాత్రం ఎస్‌బిల్డ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ప్రోగ్రాంకు ముడిపడిన లైబ్రరీలను డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ అనే పనిముట్టు తానే వెతికి ‘డిపెండ్స్’లో నింపుతుంది. ఫాంటు దాని కంటికి ఆనదు. ఒకరోజు గ్రంథపాలకురాలు ఫోను చేసి, “బాబూ, చీటీల నిండా గళ్లే వచ్చాయి” అన్నారు. వెళ్లి చూశాను. ‘కథలు’ అన్న మూడక్షరాల చోట నాలుగు గళ్లు, మొదటి గడిలో ‘క’కు యూనికోడ్ సంకేతమైన 0సీ15; చివరి కొమ్ముకు విడిగా ఒక గడి. అక్కడి కొత్త కంప్యూటర్‌లో తెలుగు ఫాంటే లేదు. అప్పటికే యాభై చీటీలు అచ్చయ్యాయి. ఆమె వాటిని పారేయకుండా నాకు చూపించడానికి దాచి ఉంచారు, చాలా బాధనిపించింది.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ‘ఫాంట్స్-తెలు’ను డిపెండ్స్‌లో చేర్చాను. తయారైన ప్యాకేజీని మరో ఖాళీ వ్యవస్థలో ఎక్కించి పరీక్షించే ఆటోపీకేజీటెస్ట్‌ను కూడా జత చేశాను. కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ల జాబితా ఇచ్చే ఎఫ్‌సీ-లిస్ట్‌ను తెలుగు ఫాంట్లు అడగడమే పరీక్ష; ఒక్కటీ రాకపోతే తప్పినట్టే. సెట్టింగుల్లో చెబితే ఎస్‌బిల్డే కట్టిన వెంటనే దాన్ని నడుపుతుంది. డెబియన్ ప్యాకేజీలు కట్టేవారు ఈ రెండింటినీ మొదటి రోజు నుంచే కలిపి వాడండి. నేను ఆ యాభై చీటీల తరువాత మొదలుపెట్టాను.