ఏది మేలు? లైబ్రరీ డేటాబేసా, డిజిటల్ ఆర్కైవా?

చరిత్ర మీదో, సమాజం మీదో పరిశోధన మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇది. యూనివర్సిటీ లాగిన్‌తో తెరుచుకునే డేటాబేసుల్లో వెతకాలా, అందరికీ ఉచితంగా దొరికే డిజిటల్ ఆర్కైవుల్లో వెతకాలా? 'రెండూ చూడండి' అనడం తేలికే, కానీ ఎవరి దగ్గరా అంత టైము ఉండదు. నేనైతే వాటిని ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: వెతికితే 'ఫలితాలు లేవు' అని వచ్చినప్పుడు, ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు?

డేటాబేసుల సంగతి త్వరగానే తేలుతుంది. ఒక విషయం మీద ఎవరేం వాదించారో, ఎవరు ఎవర్ని ఖండించారో తెలుసుకోవడానికి పరిశోధన పత్రికల వ్యాసాలు ఒకచోట చేర్చిన జేస్టోర్ లాంటి వాటిని మించిన దారి లేదు. లాగిన్ లేనివాళ్లు కూడా ఉచిత ఖాతా తెరిచి నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. అయితే అందులో చాలా పత్రికల కొత్త సంచికలు మూడు నుంచి ఐదేళ్లు ఆలస్యంగా చేరతాయి. నిరుడు మొదలైన చర్చ అక్కడ కనబడకపోతే వింతేం లేదు. చరిత్ర వ్యాసాల సూచిక అయిన హిస్టారికల్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో ప్రతి వ్యాసానికీ విషయ శీర్షికలు తగిలించి ఉంటాయి కాబట్టి, రచయిత ఏ పదం వాడినా వ్యాసం దొరుకుతుంది. కానీ అది 1450 తర్వాతి ప్రపంచ చరిత్రకే పరిమితం. అందులోనూ అమెరికా, కెనడాలు ఉండవు, వాటికి వేరే డేటాబేసు ఉంది. ఈ సంగతి తెలియకుండా అమెరికా అంతర్యుద్ధం గురించి అందులో వెతికేవాళ్లు 'దీని మీద పెద్దగా పని జరగలేదు' అనుకునే ప్రమాదం ఉంది. అంటే డేటాబేసు 'లేదు' అంటే నమ్మొచ్చు, దాని హద్దులు ముందే చదివి ఉంటే.

అసలు చిక్కంతా పాత పత్రికలూ పుస్తకాలూ స్కాన్ చేసి పెట్టిన ఆర్కైవుల దగ్గరే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్, గ్రంథాలయాలు కలిసి నడిపే హాతీట్రస్ట్, ఇవన్నీ నిజంగా నిధులే. కానీ మనం వెతుకుతున్నది పేజీని కాదు, ఆ పేజీ బొమ్మ నుంచి యంత్రం చదివి రాసుకున్న అక్షరాలను. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ అచ్చులో 'ఎస్' చాలాచోట్ల 'ఎఫ్'లా కనబడే పొడుగు అక్షరం. దాన్ని యంత్రం ఎఫ్‌గానే చదువుకుంటే, మీరు సరైన స్పెల్లింగ్‌తో ఎంత వెతికినా ఆ పదం దొరకదు. మసకబారిన మైక్రోఫిల్మ్ నుంచి తీసిన పేజీలైతే చెప్పనక్కర్లేదు. ట్రోవ్‌లో పాఠకులే ఈ తప్పుల్ని సరిదిద్దొచ్చు, ఏళ్ల తరబడి దిద్దుతూనే ఉన్నారు. ఆ ఓపికకు దండం పెట్టాలి. అయినా పని ఒక పట్టాన తెమిలేది కాదు.

అందుకే అక్కడ 'లేదు' అనే జవాబుకు నేను పెద్దగా విలువివ్వను. పదాన్ని నాలుగు రకాలుగా మార్చి, ఆ కాలం వాళ్లు వాడిన పేరుతోనూ వెతికి, చివరికి తేదీ పట్టుకుని ఆ వారం సంచికను మొదటి పేజీ నుంచి తిరగేస్తాను. ఇలా తిరగేసే వీలుండడమే ఈ ఆర్కైవుల అసలు బలం. పక్క కాలమ్‌లో ధరల పట్టిక, కింద ప్రకటనలు, వార్త ఎన్నో పేజీలో పడింది, ఇవేవీ వెతుకు పెట్టె చూపించదు.

ఇంకో వంకర కూడా ఉంది. టొరంటో పత్రికలు రెండు డిజిటల్ అయ్యాక కెనడా చరిత్ర థీసిస్‌లలో వాటి ఉటంకింపులు బాగా పెరిగాయని చరిత్రకారుడు ఇయన్ మిలిగన్ 2013లో చూపించాడు. స్కాన్ కాని ఊళ్ల పత్రికలు అలాగే వెనకబడిపోతాయి. చేతికందిందే చరిత్రగా చలామణి అవుతుందన్నమాట.

ఈ రెండింటి మధ్య మూడో రకం ఉంది, నా ఓటు ఎక్కువగా దానికే. ఒకే మూలాన్నో, ఒకే విషయాన్నో పట్టుకుని మనుషులు శ్రద్ధగా తయారుచేసినవి అవి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల అచ్చు నివేదికలు 1674 నుంచి 1913 దాకా ఉచితంగా ఉన్నాయి. వాటిలో 1834 ముందరి భాగాన్ని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తే, రెండు ప్రతులనూ పోల్చి తేడాలు సరిచేశారు. నేరం, తీర్పు, శిక్ష వారీగా కూడా వెతకొచ్చు. అక్కడ ఒక పేరు దొరకలేదంటే చాలావరకు ఆ అచ్చు ప్రతుల్లో లేనట్టే. అయితే అవి కోర్టులో పలికిన ప్రతి మాటా కాదు, నిర్దోషులుగా బయటపడ్డవాళ్ల కేసులు చాలాసార్లు ఒకటి రెండు వాక్యాలతో సరి. అట్లాంటిక్ బానిస ఓడల డేటాబేసులో 36,000కు పైగా ప్రయాణాలున్నాయి. ఓడలెక్కించిన వాళ్లు దాదాపు 1.25 కోట్ల మంది అనేది మాత్రం రికార్డులు దొరకని ప్రయాణాలను కూడా కలిపి వేసిన అంచనా. రికార్డుల లెక్క, అంచనాల లెక్క ఆ సైటులో వేర్వేరు పేజీల్లో ఉంటాయి. ఏది తీసుకున్నామో రాయకపోతే గైడ్ చేతిలో అక్షింతలు ఖాయం.

కొన్నిటికి ఏ సైటూ దిక్కు కాదు. అమెరికా 1890 జనగణన పత్రాలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు పూర్తిగా పోయాయి. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 జనగణన 1942లో కాలిపోయింది.

కాబట్టి నా వరస ఇది: రెండు మూడు రోజులు డేటాబేసులో వాదాలు చదవడం, తర్వాత మీ విషయానికి మూడో రకం ఏదైనా ఉందేమో చూడడం, మిగతా కాలమంతా స్కాన్ పేజీల్లో. స్టాటిస్టిక్స్‌తో పని చేసేవాళ్లు రెండో మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు. దొరికిన ప్రతి పేజీనీ తేదీ, పేజీ నంబరుతో సహా వెంటనే దించుకోండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగే నెలల తరబడి మూతపడింది. ప్రచురణకర్తలు వేసిన కేసు వల్ల ఉచిత డిజిటల్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ దాదాపు 5 లక్షల పుస్తకాలను అరువు జాబితా నుంచి తీసేసింది. లింకు దాచుకున్నవాళ్లకు లింకే మిగిలింది.